షికాగోలో మంచు పడితే ఎవరి మంచు ఎవరు తీయాలి, కారు ఎక్కడ పెట్టాలి

షికాగోకి కొత్తగా వచ్చినవాళ్ళు అక్టోబర్, నవంబర్ నెలల్లో అడిగేవన్నీ బట్టల గురించే. ఏ జాకెట్ కొనాలి, బూట్లు ఎక్కడ చవక, థర్మల్స్ ఎన్ని జతలు కావాలి, ఇవే. ఇవన్నీ ఎవరిని అడిగినా చెప్తారు, మొదటి వారం చలికి వణికితే మీకే అర్థమైపోతుంది. జేబుకి చిల్లు పెట్టేది మాత్రం చలి కాదు, రూల్సు. ఈ ఊళ్ళో మంచు పడగానే ఒక పంపకం జరుగుతుంది: నడిరోడ్డు మీది మంచు సిటీ వాటా, ఇంటి ముందు సైడ్‌వాక్ మీది మంచు ఆ ఇంటివాళ్ళ వాటా, కారు చుట్టూ ఉన్నది కారు ఎవరిదైతే వాళ్ళ వాటా, వెనక సందులోది దాదాపు ఎవరి వాటా కాదు. ఎవరి వాటా ఏ టైముకల్లా తీయాలో కూడా రాసి పెట్టారు. అది తెలిస్తే చాలు, మిగతాదంతా ఓపిక సంగతే.

ఇదంతా సిటీ లోపల ఉండేవాళ్ళకి. నేపర్‌విల్, ఆరోరా, షాంబర్గ్ వైపు ఉన్నవాళ్ళ రూల్సు వేరు, వాటి గురించి కింద రెండు మాటలు చెప్తాను.

ముందు కారు

డిసెంబర్ 1 నుంచి ఏప్రిల్ 1 వరకు, తెల్లవారుజామున 3 నుంచి ఉదయం 7 దాకా, సిటీలో దాదాపు 107 మైళ్ళ మెయిన్ రోడ్ల మీద కారు పెట్టకూడదు. ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే, ఎందుకంటే ఈ రూల్‌కి మంచుతో పని లేదు. చుక్క మంచు లేకపోయినా, రోడ్డు ఎండిపోయి తెల్లగా కనిపిస్తున్నా, డిసెంబర్ 1 అంటే డిసెంబర్ 1. ఆ తెల్లవారుజామునే కార్లు లాక్కెళ్ళే టో ట్రక్కులు వరసగా బయల్దేరతాయి, మొదటి రాత్రికే వందల్లో కార్లు ఇంపౌండ్‌కి, అంటే అలా లాక్కెళ్ళినవి పెట్టే యార్డుకి, చేరే ఏళ్ళు చాలానే ఉన్నాయి. లెక్క ఇలా ఉంటుంది: టోకి కనీసం 150 డాలర్లు, టికెట్ 60, పైగా కారు అక్కడ ఉన్న ఒక్కో రోజుకీ 25. అంటే పొద్దున్నే పరుగెత్తుకెళ్ళి తెచ్చుకున్నా రూపాయల్లో ఇరవై వేల మాట. స్టూడెంట్‌గా ఉన్నవాళ్ళకి అది ఒక నెల కిరాణా.

ఇది కాక ఇంకో రూల్ ఉంది. మరో 500 మైళ్ళ మెయిన్ రోడ్ల మీద, 2 అంగుళాలు లేదా అంతకంటే ఎక్కువ మంచు పడితే పార్కింగ్ బంద్. దీనికి రాత్రీ పగలూ లేదు, డిసెంబర్ ఏప్రిల్ అనే లెక్కా లేదు. నవంబర్ మధ్యలో మంచు పడినా, ఏప్రిల్ రెండో వారంలో పడినా వర్తిస్తుంది. మొదటి రూల్ గడియారం చూసి అమలయ్యేది, రెండోది ఆకాశం చూసి అమలయ్యేది. ఈ రెండింటినీ కలిపేసుకుని, మంచు పడలేదు కదా ఏం కాదులే అనో, ఇంకా తెల్లవారుజాము కాలేదు కదా అనో ధీమాగా ఉండేవాళ్ళ కార్లే ఎక్కువగా పోతుంటాయి.

బోర్డు చదవడం ఒక పని. కారు ఆపిన చోట పక్కనున్న స్తంభం ఒక్కటి చూసి వదిలేయకండి, ఆ బ్లాకు ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకసారి నడవండి. ఒక్కో స్తంభానికి మూడు నాలుగు బోర్డులు ఒకదాని కింద ఒకటి ఉంటాయి: పైన పర్మిట్ జోన్ గురించి, మధ్యలో రోడ్లు ఊడ్చే రోజు గురించి, అట్టడుగున ఈ మంచు బోర్డు. సరిగ్గా ఆ కింది బోర్డు మీదే మంచు అతుక్కుని అక్షరాలు కనపడవు. గ్లవ్‌తో తుడిచి చదవండి, ఫోన్‌లో ఒక ఫోటో కూడా తీసి పెట్టుకోండి. రాత్రి పూట ఫ్రెండ్ ఇంటికి భోజనానికి వెళ్ళి, పేకాటలో పడి తెల్లవారే దాకా కూర్చునే అలవాటున్నవాళ్ళు మరీ జాగ్రత్తగా ఉండాలి, మన వీధి రూల్ కంఠతా వచ్చు కానీ వాళ్ళ వీధి రూల్ ఎవరు చూస్తారు.

కారు కనిపించకపోతే దొంగలెత్తుకెళ్ళారని వెంటనే కంగారు పడకండి. సిటీ వెబ్‌సైట్‌లో నంబర్ ప్లేట్ కొడితే టో అయిన కారు ఎక్కడుందో చూపిస్తుంది, లేదా సిటీ సేవల నంబర్ 311కి ఫోన్ చేస్తే చెప్తారు. కొన్నిసార్లు ఇంపౌండ్‌కి కాకుండా పక్క వీధిలోకి జరిపి వదిలేస్తారు, కాబట్టి ముందు చుట్టుపక్కల రెండు మూడు బ్లాకులు చూడండి. ఇంపౌండ్‌కి వెళ్ళాల్సి వస్తే కారు ఎవరి పేరు మీద ఉందో వాళ్ళే వెళ్ళడం మేలు. ముగ్గురు రూమ్మేట్లు కలిసి ఒకరి పేరు మీద కొనుక్కున్న కారు, ఆ ఒకరు జనవరిలో ఇండియా వెళ్ళి ఉంటే ఏమవుతుందో ఆలోచించండి. కదలకుండా నెలరోజులు కారు వదిలి వెళ్ళేవాళ్ళు ఎవరికైనా తాళాలు ఇచ్చి వెళ్ళాలి, తప్పదు.

ఫైర్ హైడ్రంట్‌కి అటూ ఇటూ 15 అడుగుల లోపు ఆపకూడదన్న రూల్ చలికాలంలోనూ ఉంటుంది. మంచు గుట్ట కింద హైడ్రంట్ ఉందని కనపడలేదంటే ఎవరూ వినరు. ఖాళీ జాగా మరీ ఎక్కువగా, మరీ సులువుగా దొరికిందంటే ముందు అనుమానించండి.

ఎందుకింత పట్టుదల అంటే దానికో కథ ఉంది. 1979 జనవరిలో, మన సంక్రాంతి రోజుల్లోనే, అప్పటికే పడి ఉన్న మంచు మీద ఇంకో 20 అంగుళాల దాకా పడింది. రోడ్లు రోజుల తరబడి తెరుచుకోలేదు, రైళ్ళు చెడిపోయాయి, చెత్త పేరుకుపోయింది. అప్పటి మేయర్ మైకేల్ బిలాండిక్ ఆ తర్వాతి నెలలో పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ప్రైమరీ ఎన్నికలో జేన్ బర్న్ చేతిలో ఓడిపోయారు, ఆమె ఈ ఊరి మొదటి మహిళా మేయర్ అయ్యారు. మంచు తీయలేక కుర్చీ పోగొట్టుకున్న మేయర్ అని ఇప్పటికీ చెప్పుకుంటారు. అప్పటి నుంచి ఎవరు మేయర్ అయినా మంచు అంటే భయమే. బస్సులు తిరగాలి, అంబులెన్స్ వెళ్ళాలి, అందుకు మెయిన్ రోడ్లు ఈ అంచు నుంచి ఆ అంచు దాకా ఖాళీగా ఉండాలి. మీ కారు టో అవడం వెనక ఉన్న రాజకీయం ఇది.

రోడ్డు సిటీది, కానీ వరస ఉంది

రోడ్ల మీద మంచు తీసేది స్ట్రీట్స్ అండ్ శానిటేషన్ డిపార్ట్‌మెంట్. దాదాపు 300 ప్లో ట్రక్కులు ఉంటాయి, ముందు పార ఉంటుంది, వెనక ఉప్పు చల్లుకుంటూ పోతాయి. అవి ముందు మెయిన్ రోడ్లు, డూసబుల్ లేక్ షోర్ డ్రైవ్ తీస్తాయి. అవి ఒక కొలిక్కి వచ్చాకే ఇళ్ళ మధ్య వీధుల్లోకి వస్తాయి. పెద్ద తుఫాను వస్తే మీ వీధికి మర్నాడో ఆ మర్నాడో రావచ్చు. ట్రక్కులు ఎక్కడున్నాయో చూపించే ప్లో ట్రాకర్ మ్యాప్ సిటీ వెబ్‌సైట్‌లో ఉంది, తుఫాను రోజుల్లో పనిచేస్తుంది. దాన్ని నిమిషానికోసారి చూస్తూ కూర్చోవడం వల్ల ట్రక్కు తొందరగా రాదు, అయినా అందరం చూస్తాం. కొన్ని ట్రక్కులకి పేర్లు కూడా ఉన్నాయి, జనం ఓట్లేసి పెట్టినవి. బేర్స్ ఫుట్‌బాల్ ఆటగాడు వాల్టర్ పేటన్ పేరు మీద సాల్టర్ పేటన్ అని ఒక ఉప్పు ట్రక్కు తిరుగుతుంది.

మీ వీధి మరీ మర్చిపోయారనిపిస్తే 311 యాప్‌లో రిక్వెస్ట్ పెట్టండి. ఫోన్ కంటే యాప్ మేలు, నంబర్ వస్తుంది, ఏమైందో తర్వాత చూసుకోవచ్చు. ఇంకో మాట, ప్లో ట్రక్కు వెళ్ళినప్పుడు రోడ్డు మీది మంచుని పక్కకి నెడుతుంది కదా, ఆ గట్టు సరిగ్గా మీ కారు పక్కనే వచ్చి పడుతుంది. గంట కష్టపడి కారు బయటకి తీసే దారి చేసుకున్నాక ఇది జరిగితే ఏడుపొస్తుంది. అయినా అది తీయడం సిటీ పని కాదు, మీదే. అందుకే తెలిసినవాళ్ళు ట్రక్కు ఒకసారి పోయాకే కారు చుట్టూ తవ్వడం మొదలుపెడతారు.

వెనక సందుల్లోకి ప్లో రాదు. అక్కడ పార దించితే మంచంతా రెండు వైపులా ఉన్న గరాజ్ తలుపులకి అడ్డం పడుతుంది, ఇక ఎవరూ కారు బయటకి తీయలేరు. చెత్త ట్రక్కు చక్రాలు తిరిగి తిరిగి చేసిన రెండు గాడులే దారి. చిన్న సెడాన్ ఉన్నవాళ్ళు ఆ గాడుల్లోనే నెమ్మదిగా, ఆగకుండా పోవాలి, మధ్యలో ఆపితే చక్రం గిర్రున తిరుగుతుందే తప్ప కారు కదలదు. పెద్ద మంచు పడినప్పుడు చెత్త ట్రక్కులకే పారలు బిగించి వీధుల్లోకి పంపిస్తారు కాబట్టి ఆ వారం చెత్త ఆలస్యంగా తీస్తే ఆశ్చర్యపోకండి.

భారీ తుఫాను హెచ్చరిక ఉన్నప్పుడు లేక్ షోర్ డ్రైవ్ ఎక్కకండి. 2011 ఫిబ్రవరి 1, 2 తేదీల్లో 21.2 అంగుళాలు పడ్డప్పుడు వందల కార్లు రాత్రంతా అక్కడే ఇరుక్కుపోయాయి, సరస్సు గాలికి మంచు కార్ల కిటికీల దాకా పేరుకుంది. ఒక పక్క సరస్సు, ఎగ్జిట్లు దూరం దూరం, దిగి పోదామంటే దారి లేదు.

ఇంటి ముందు సైడ్‌వాక్

ఇది ఇంటివాళ్ళ వాటా. టైములు గుర్తు పెట్టుకోండి: పొద్దున్న 7 నుంచి సాయంత్రం 7 మధ్య పడిన మంచుని ఆ రాత్రి 10 లోపు తీయాలి. సాయంత్రం 7 తర్వాత, రాత్రంతా పడినదాన్ని మర్నాడు ఉదయం 10 లోపు తీయాలి. శని, ఆదివారాలని మినహాయింపు లేదు. తీయకపోతే రోజుకి 50 నుంచి 500 డాలర్ల దాకా ఫైన్ వేయొచ్చు. మనిషి నడిచేంత సందు చేస్తే చాలదు, 5 అడుగుల వెడల్పు ఉండాలి, వీల్‌చెయిర్, పిల్లల స్ట్రోలర్ పోవాలి కదా. మీది మూల ఇల్లు అయితే రెండు వైపులా మీదే, మూలలో రోడ్డులోకి దిగే ఆ వాలు కూడా మీదే. అందరూ మర్చిపోయేది ఆ వాలునే. సైడ్‌వాక్ అంతా అద్దంలా తీసి, చివర మూల దగ్గర మోకాలెత్తు గుట్ట వదిలేస్తే వీల్‌చెయిర్‌లో ఉన్నవాళ్ళు అక్కడి దాకా వచ్చి వెనక్కి తిరగాలి.

అద్దెకుంటున్నవాళ్ళు ఇది ఓనర్ పని కదా అంటారు. సిటీ రూల్‌లో ఓనర్ అనీ ఉంది, అద్దెకున్నవాళ్ళు అనీ ఉంది, అక్కడ ఉంటున్నవాళ్ళు అనీ ఉంది. అందుకని లీజు తీసి చదవండి. పెద్ద అపార్ట్‌మెంట్ బిల్డింగ్ అయితే వాళ్ళ మనుషులే చేస్తారు, మీకేం పని లేదు. రెండు మూడు ఇళ్ళున్న పాత బిల్డింగుల్లో, మొత్తం ఇల్లు అద్దెకి తీసుకున్న చోట, చాలాసార్లు లీజులో ఒక లైను ఉంటుంది మంచు అద్దెకున్నవాళ్ళే తీయాలని. లేకపోతే ఓనర్‌కి ఒక మెసేజ్ పెట్టి రాతపూర్వకంగా తేల్చుకోండి, మొదటి మంచు పడకముందే.

తీసిన మంచు ఎక్కడ పోయాలన్నదీ రూలే. రోడ్డులోకి నెట్టకూడదు, సైకిల్ లేన్‌లోకి, బస్ స్టాప్‌లోకి, హైడ్రంట్ చుట్టూ అసలు వద్దు. సైడ్‌వాక్‌కీ రోడ్డుకీ మధ్య చెట్లుండే గడ్డి పట్టీ మీదో, మీ ముందున్న సొంత జాగాలోనో పోసుకోవాలి. హైడ్రంట్ మీ ఇంటి ముందే ఉంటే దాని చుట్టూ మంచు కూడా తీసి పెట్టండి, రేపు ఫైర్ ఇంజన్‌వాళ్ళు మీ ఇంటికే వచ్చి దాన్ని వెతుక్కోవాల్సి రావచ్చు.

ఇక తీసే పద్ధతి. మొదటి గంటల్లో మంచు పిండిలా తేలిగ్గా ఉంటుంది, పారతో నెట్టుకుంటూ పోతే పోతుంది, ఎత్తక్కర్లేదు. అదే నలుగురు దాని మీద నడిచాక చూడండి: పైన తెల్లగా మెత్తగా ఒక పొర, దాని కింద బూట్ల అచ్చులు పడి గట్టిపడ్డ పొర, అట్టడుగున కాంక్రీట్‌ని అంటిపెట్టుకుని నల్లగా, సన్నగా గాజు పలక లాంటి ఐసు. ఆ మూడో పొర ప్లాస్టిక్ పారకి లొంగదు, ఇనుప అంచున్న గడ్డపార లాంటిదానితో కొట్టి లేపాలి. కాబట్టి ఎనిమిది అంగుళాలు పడేదాకా ఆగి ఒకేసారి తీద్దామనుకోవద్దు, మధ్యలో ఒకసారి వెళ్ళి సగం తీసేయడమే తక్కువ కష్టం. మెయిన్‌గా జనం నడిచే ముందే తీయాలి. తడి మంచు పారకి అతుక్కుని రాకపోతే వంట నూనె స్ప్రే కొట్టండి, జారిపోతుంది.

ఉప్పు ఎక్కువ పోస్తే తొందరగా కరుగుతుందని బస్తా బోర్లించేవాళ్ళు ఉంటారు. అక్షింతలు చల్లినట్టు పలచగా చల్లితే చాలు. మామూలు రాతి ఉప్పు 15 డిగ్రీల ఫారన్‌హీట్ కిందకి పోతే పెద్దగా పనిచేయదు, అంత చలిలో కాల్షియం క్లోరైడ్ ఉన్న ప్యాకెట్ కొనాలి, కాస్త ఖరీదు. అదీ లేకపోతే ఇసుక చల్లండి, కరగదు కానీ జారదు. చల్లిన ఉప్పంతా చివరికి కాలవల్లోకి, నదిలోకే పోతుంది, కుక్కల పాదాలు మండుతాయి.

మంచు తీస్తే ఇంకా ప్రమాదం, సరిగ్గా తీయలేదని జారిపడ్డవాళ్ళు కేసేస్తారు, అసలు ముట్టుకోకపోవడమే మేలు అని ఒక ప్రచారం మనవాళ్ళలో బాగా ఉంది. ఇల్లినాయ్‌లో దానికి చట్టమే ఉంది, ఇంటి ముందు మంచు తీసే ప్రయత్నం చేసినవాళ్ళకి, కావాలని నిర్లక్ష్యం చేస్తే తప్ప, రక్షణ ఇస్తుంది. తీయండి.

ఒక్క హెచ్చరిక. ఇండియా నుంచి వచ్చిన నాన్నగారో మావయ్యగారో, పొద్దున్నే లేచి కాఫీ తాగి, పిల్లలు ఆఫీసు పనిలో ఉన్నారు పాపం అని తనే పార పట్టుకుని బయల్దేరతారు. పట్టనివ్వకండి. చలిలో రక్తనాళాలు బిగుసుకుంటాయి, ఒక్కసారిగా బరువెత్తితే గుండె మీద ఒత్తిడి పడుతుంది, మంచు తీస్తూ గుండెపోటు వచ్చినవాళ్ళు ప్రతి చలికాలం ఆస్పత్రులకి వస్తారు. బీపీ, షుగర్ ఉన్నవాళ్ళకి అసలు వద్దు. ఆయన మాట వినకపోతే పారని కారు డిక్కీలో పెట్టి తాళం వేయండి.

పెద్దవాళ్ళు, వికలాంగులు తీసుకోలేకపోతే 311లో స్నో కోర్ అడగొచ్చు, వాలంటీర్లని పంపే ప్రయత్నం చేస్తారు. వాలంటీర్లు ఎప్పుడూ తక్కువే కాబట్టి గ్యారంటీ లేదు. యూనివర్సిటీల్లో చదివే మన పిల్లలు దీనికి పేరు ఇచ్చుకోవచ్చు, ఒక గంట పని, పక్క వీధి ముసలావిడకి అదే పెద్ద సాయం. అసలు సైడ్‌వాక్‌లు కూడా సిటీయే తీయాలని యాక్సెస్ లివింగ్, బెటర్ స్ట్రీట్స్ షికాగో లాంటి సంస్థలు గట్టిగా అడుగుతున్నాయి, 2023లో సిటీ కౌన్సిల్ దీని మీద ఒక వర్కింగ్ గ్రూప్ కూడా వేసింది. న్యాయంగా చూస్తే వాళ్ళు అడిగేదే సరైనది అనిపిస్తుంది, కార్లకి దారి సిటీ చేసినప్పుడు నడిచేవాళ్ళకి ఎందుకు చేయకూడదు. అది జరిగేదాకా పార మనదే.

రోడ్డు మీద కుర్చీలు

పెద్ద మంచు పడ్డాక వీధుల్లో ఒక వింత కనిపిస్తుంది. ఖాళీ పార్కింగ్ జాగాల్లో విరిగిన ప్లాస్టిక్ కుర్చీలు, ఇస్త్రీ బల్లలు, పాల డబ్బాలు, ఒక్కోసారి పిల్లల బొమ్మ గుర్రం. దీన్ని డిబ్స్ అంటారు. నేను తవ్విన జాగా, నేను ఆఫీసు నుంచి వచ్చేదాకా నాదే అని అర్థం. చట్టప్రకారం చెల్లదు, రోడ్డు ఎవరి సొత్తూ కాదు, కొన్నాళ్ళు చూసీ చూడనట్టు ఊరుకుని తర్వాత శానిటేషన్‌వాళ్ళే వచ్చి ఆ సామానంతా ట్రక్కులో ఎత్తుకుపోతారు. అయినా కొత్తవాళ్ళకి నా సలహా, కుర్చీ జరిపి కారు పెట్టకండి. చట్టం మీ వైపే ఉంటుంది, కానీ రాత్రంతా ఆ వీధిలో ఉండేది మీ కారు. అద్దం విరిగిందనో, ఎవరో కారు మీద నీళ్ళు పోస్తే అవి గడ్డకట్టి తలుపులు తెరుచుకోలేదనో కథలు ప్రతి ఏడూ వింటాం. మీరు కుర్చీ పెట్టాలా అంటే, రెండు గంటలు తవ్వి ఉంటే మనసు లాగుతుంది నిజమే, రెండు రోజులు పెట్టుకుని తీసేయండి, వారాల తరబడి పెట్టి వీధిలో చెడ్డపేరు తెచ్చుకోవద్దు. మంచి కుర్చీ మాత్రం పెట్టకండి, తిరిగి రాదు.

ఇల్లు వెచ్చగా లేకపోతే

సెప్టెంబర్ 15 నుంచి జూన్ 1 దాకా, హీటింగ్ ఓనర్ చేతిలో ఉన్న అద్దె ఇళ్ళల్లో పగలు ఉదయం 8:30 నుంచి రాత్రి 10:30 వరకు కనీసం 68 డిగ్రీల ఫారన్‌హీట్, మిగతా రాత్రి 66 డిగ్రీలు ఉండాలి. ఇది ఓనర్ దయ కాదు, సిటీ ఆర్డినెన్స్. ఇల్లు చల్లగా ఉంటే పది డాలర్ల థర్మామీటర్ కొని గది మధ్యలో పెట్టి, టైము తెలిసేలా ఫోటోలు తీయండి. ముందు ఓనర్‌కి మెసేజ్ పెట్టండి, ఫోన్ చేసి చెప్పినా సరే మెసేజ్ కూడా పెట్టండి. కదలకపోతే 311లో హీట్ లేదని కంప్లయింట్ ఇవ్వండి, బిల్డింగ్స్ డిపార్ట్‌మెంట్‌వాళ్ళు వస్తారు. వీసా మీద ఉన్నాం, ఓనర్‌తో గొడవ ఎందుకు అని చాలామంది దుప్పట్లు కప్పుకుని సర్దుకుంటారు. దీనికీ వీసాకీ ఏ సంబంధమూ లేదు.

గ్యాస్ స్టవ్ వెలిగించి ఇల్లు వేడి చేయొద్దు, కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు. పడక గదికి 15 అడుగుల లోపు సీఓ డిటెక్టర్ ఉండాలన్నది కూడా సిటీ రూలే, లేకపోతే ఓనర్‌ని అడగండి. స్పేస్ హీటర్‌ని ఎక్స్‌టెన్షన్ బోర్డుకి కాకుండా నేరుగా గోడ ప్లగ్‌కే పెట్టాలి, పరుపుకీ కర్టెన్లకీ మూడు అడుగుల దూరంలో. మరీ చలి రోజుల్లో, 2019 జనవరి 30న మైనస్ 23 ఫారన్‌హీట్ దాకా పోయింది చూడండి, అలాంటప్పుడు బయటి గోడ వైపున్న సింక్ కింద కప్‌బోర్డ్ తలుపులు తెరిచిపెట్టి కొళాయి సన్నగా కారనివ్వండి, పైపులు గడ్డకట్టి పగలకుండా ఉంటాయి. సెలవులకి ఇండియా వెళ్తున్నాం కదా అని హీటర్ పూర్తిగా ఆపేసి పోయేవాళ్ళ ఇళ్ళే ఎక్కువగా మునుగుతాయి.

హీటర్ రాత్రి పూట ఆగిపోయి, పిల్లలున్నారంటే 311కి ఫోన్ చేసి వార్మింగ్ సెంటర్ ఎక్కడుందో అడగండి. పగలైతే సిటీ లైబ్రరీలు కూడా వెచ్చగా కూర్చోవడానికి తెరిచే ఉంటాయి.

బయల్దేరే ముందు

కారు స్టార్ట్ చేసే ముందు వెనక సైలెన్సర్ గొట్టం చుట్టూ మంచు తీయాలి, ఇది అన్నిటికంటే ముందు. అది మూసుకుపోయి ఉండగా ఇంజన్ ఆన్ చేసి లోపల కూర్చుంటే ఆ పొగ కారులోకే వస్తుంది. అద్దం మీద వేడి నీళ్ళు పోయకండి, పగులుతుంది. అద్దం తుడిచే నీళ్ళ ట్యాంకులో మామూలు నీళ్ళు పోసే అలవాటు ఇండియా నుంచి తెచ్చుకుంటాం, ఇక్కడ అది గడ్డకట్టి గొట్టాలు పగులుతాయి, మైనస్ 20 అని రాసున్న నీలం రంగు డబ్బా కొనండి. కారు కప్పు మీద మంచు కూడా దించేయాలి, ఎదరి అద్దంలో రెండు చిల్లులు చేసుకుని బయల్దేరేవాళ్ళు హైవే మీద బ్రేక్ వేస్తే పైనున్న దిబ్బంతా జారి ముందుకు పడుతుంది.

డౌన్‌టౌన్‌లో ఎత్తు బిల్డింగుల కింద ఐసు పడుతుంది జాగ్రత్త అని బోర్డులు పెడతారు. వాటిని చూసి నవ్వొద్దు, అవతలి పక్కకి దాటి నడవండి. నోటిఫై షికాగోలో ఫోన్ నంబర్ ఇచ్చుకుంటే తుఫాను హెచ్చరికలు మెసేజ్‌లో వస్తాయి, ఉచితం.

సబర్బ్స్‌లో ఉన్నవాళ్ళకి: ఒక్కో ఊరికి ఒక్కో రూల్, పై లెక్కలు అక్కడ పనికిరావు. నేపర్‌విల్‌లో తెల్లవారుజామున 2 నుంచి 5 దాకా వీధిలో పార్కింగ్ ఏడాది పొడవునా నిషేధం, మంచు ఎక్కువ పడితే ప్లో వచ్చి పోయేదాకా వీధిలో ఉండకూడదు. ఇంటికి చుట్టాలు రెండు మూడు కార్లేసుకుని వస్తే డ్రైవ్‌వేలో సర్దండి, లేదా ఊరి వెబ్‌సైట్‌లో రాత్రి పార్కింగ్‌కి ముందే అనుమతి అడగండి.

ఏప్రిల్ 1 తర్వాత తెల్లవారుజాము రూల్ పోతుంది కానీ 2 అంగుళాల రూల్ ఉంటుంది, ఏప్రిల్‌లో మంచు పడటం ఇక్కడ కొత్తేం కాదు, పారని అప్పుడే గరాజ్‌లో అడుగున పడేయకండి. మంచు పోయాక గుంతలు బయటపడతాయి. గుంత కనిపిస్తే 311లో పెట్టండి. దాంట్లో పడి టైరో రిమ్మో పోతే గుంత ఫోటో, బాగుచేయించిన బిల్లు దాచుకుని సిటీ క్లర్క్ ఆఫీసులో క్లెయిమ్ వేయొచ్చు. డబ్బు వచ్చేసరికి చాలా నెలలు పడుతుంది, పూర్తిగా రాకపోవచ్చు కూడా, అయినా ఫారం నింపడానికి పావుగంట కంటే పట్టదు.